షెఫీల్డ్ పార్కులు ఎవరి చలవో కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరం పార్కుల మీద వ్యాసం వచ్చి మూడు వారాలైంది. చదివిన రోజే కోపం వచ్చింది, పోనీలే అని ఊరుకున్నాను. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఆ పేజీ కత్తిరించి దాచుకున్నది తెచ్చి చూపించింది. వాళ్లబ్బాయి అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు, వచ్చే వేసవిలో వెళ్తారట. ఆవిడకు నేను నోటితో చెప్పినవన్నీ మీకూ చెప్పాలనిపించి రాస్తున్నాను.

నేను మా అమ్మాయి దగ్గర ఐదు నెలలు షెఫీల్డ్‌లో ఉన్నాను. పగలు అమ్మాయి, అల్లుడు ఆఫీసులకు పోతే మనవణ్ని బండిలో కూర్చోబెట్టుకుని పార్కులన్నీ తిరిగాను. మీ వ్యాసంలో ఐదు ఫొటోలు, ఐదు పేరాలు, చివర్లో ఇవన్నీ అక్కడి అధికారులు ప్రజలకిచ్చిన వరమని ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం. అధికారులు వరమివ్వడమేమిటండీ?

బొటానికల్ గార్డెన్స్‌నే తీసుకోండి. 1836లో తెరిచారు, 19 ఎకరాలు. అది సర్కారు కట్టింది కాదు, ఊళ్లోవాళ్లు సంఘం పెట్టి షేర్లు అమ్మి ఆ డబ్బుతో కట్టుకున్నది. రాబర్ట్ మార్నాక్ అనే తోటమాలి దాన్ని రూపుదిద్దాడు. మొదట్లో షేరు ఉన్నవాళ్లకీ చందా కట్టినవాళ్లకీ తప్ప మామూలు జనానికి ఏడాదిలో ఏవో కొద్ది రోజులే ప్రవేశం. 1898లో ఊరి ట్రస్టు ఒకటి తీసుకున్నాకే అందరికీ ఉచితమైంది. తర్వాత 1951లో కౌన్సిల్, అంటే అక్కడి మున్సిపాలిటీ, చేతికి వచ్చింది. కాలం గడిచేకొద్దీ అద్దాల మండపాలు పాడైపోతే 1984లో ఊరివాళ్లే మిత్ర సంఘం పెట్టుకుని నిధుల కోసం తిరిగారు, అక్కడి జాతీయ లాటరీ ఆదాయంలోంచి సాయమిచ్చే నిధి డబ్బు వచ్చింది, 2003కు మండపాలు మళ్లీ నిలబడ్డాయి. నేను చూసినప్పుడు మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని కలుపు తీస్తున్నది జీతగాళ్లు కాదు, నా వయసు ఆడవాళ్లు, మగవాళ్లు. ఎవరూ పైసా తీసుకోరు. మీ వ్యాసంలో వాళ్ల ఊసే లేదు. ఒకప్పుడు ఎలుగుబంట్లను ఉంచిన గొయ్యి దగ్గర ఫొటో ఎలా దిగాలో మాత్రం ఉంది.

గ్రేవ్స్ పార్కు గురించి రెండు లైన్లు రాసి, పిల్లలకు మేకలు, ఆవులు ఉంటాయన్నారు. ఉంటాయి, బొచ్చు కళ్ల మీద పడే హైలాండ్ ఆవుల్ని మా మనవడు వదిలిపెట్టేవాడు కాదు. కానీ ఆ గ్రేవ్స్ ఎవరో రాయొద్దా? పోస్టులో సరుకులు పంపి వాయిదాల మీద అమ్మే వ్యాపారం చేసి బాగా సంపాదించినాయన. 1925లో ఆ భూమి ఇళ్ల స్థలాలకు పోబోతుంటే తన డబ్బుతో కొని ఊరికి ఇచ్చేశాడు. రెండు వందల ఎకరాలకు పైనే ఇప్పుడు ఆ పార్కు. మన దగ్గర అంత స్థలం కనబడితే మర్నాటికల్లా రంగు రాళ్లు పాతి వెంచర్ వేస్తారు. అలాంటి మనిషి పేరు మన పిల్లలు చదవాలి కదా.

ఇక ఎండ్‌క్లిఫ్ పార్కు. విక్టోరియా రాణి స్వర్ణోత్సవమప్పుడు, 1887లో తెరిచింది. పోర్టర్ వాగు మధ్యలో రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటడం, ఆ వాగు పక్కనే నడుచుకుంటూ పోతే నీటి చక్రంతో కత్తులు సానబెట్టిన పాత కార్ఖానా చూడడం, ఇవి బాగానే రాశారు. కానీ చెట్ల మధ్య ఒక రాయి ఉంటుంది, దాని దగ్గర నిలబడకుండా వచ్చేశారా మీ విలేకరి? 1944 ఫిబ్రవరి 22న దెబ్బతిన్న అమెరికన్ బి-17 బాంబర్ అక్కడ కూలిపోయి పదిమంది కుర్రాళ్లు చనిపోయారు. మైదానంలో ఆడుకుంటున్న పిల్లల్ని తప్పించబోయి చెట్లలోకి పోనిచ్చారని ఊరివాళ్లు చెప్పుకుంటారు. 75 ఏళ్లయిన రోజున, 2019లో, విమానాలు ఆ పార్కు మీదుగా ఎగిరితే వేలమంది వచ్చి తలెత్తి చూశారు.

అదే పార్కును ఆనుకుని రస్ట్లింగ్స్ రోడ్ ఉంది. మీ ఫొటోల్లో ఒకటి ఆ రోడ్డు వైపునుంచి తీసిందే. అక్కడి అధికారుల సంగతి తెలియాలంటే ఆ రోడ్డు కథ రాయాలి. 2012లో కౌన్సిల్ రోడ్ల పనులన్నీ 25 ఏళ్లకు ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చేసింది. ఊళ్లో వీధుల వెంట 36 వేల దాకా చెట్లుంటే 17,500 చెట్లు కొట్టేసి కొత్తవి నాటాలని కాంట్రాక్టులో రాసుకున్నారు, ఆ అంకె 2018 దాకా జనానికి తెలియనివ్వలేదు. 2016 నవంబరు 17న తెల్లవారకముందే పోలీసులతో వచ్చి, జనాన్ని నిద్ర లేపి కార్లు తీయించి, ఆ రోడ్డు మీద ఎనిమిది చెట్లు కొట్టేశారు. అడ్డుపడిన డెబ్భై ఏళ్ల ఆడవాళ్లు ఇద్దర్ని అరెస్టు చేశారు. జనం ఊరుకోలేదు, ఏ వీధిలో రంపం చప్పుడైతే ఆ వీధిలో చెట్టు కింద నిలబడ్డారు. కేసులు, కోర్టులు అన్నీ భరించారు. ఐదు వేలకు పైగా చెట్లు పోయాకగానీ 2018లో నరుకుడు ఆగలేదు. 2023లో విచారణ నివేదిక వచ్చాక కౌన్సిల్ క్షమాపణ చెప్పింది. ఇదీ మీరు వరమిచ్చారన్న అధికారుల చరిత్ర.

ఆ రోడ్డు మీద కొత్తగా నాటిన సన్నటి మొక్కల పక్కన నడుస్తుంటే మా ఊరి మున్సిపల్ పార్కు గుర్తొచ్చి గుండె బరువెక్కింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ ఏడు వేప చెట్లుండేవి. వాకింగ్ ట్రాక్ పేరుతో నాలుగు కొట్టేసి టైల్స్ వేశారు, వాన పడితే జారిపడతాం. జిమ్ సామాను తెచ్చి పెట్టారు, తుప్పు పట్టింది. బాత్రూముకి తాళం, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మూడుసార్లు అర్జీ ఇచ్చాను, రసీదులు నా దగ్గరే ఉన్నాయి. సంతకం పెట్టించుకున్న గుమాస్తా మారిపోయాడు, ఆఫీసరూ మారిపోయాడు, కొత్తాయన మళ్లీ అర్జీ ఇమ్మన్నాడు. ఏ ఊరైనా అడిగేవాళ్లు లేకపోతే ఆఫీసుల తీరు ఒకటే. అందుకే ఆ ఊరి జనం ఏం చేశారో మన పేపర్లో రావాలంటున్నాను.

ఇంకొక మాట. మీ వ్యాసం చదివి వెళ్లేది ఎక్కువగా పిల్లల దగ్గరికి పోయే నాలాంటి తల్లిదండ్రులే. షెఫీల్డ్ అంతా కొండలండీ. పార్కులన్నీ ఒక్క పూటలో నడిచి చూడొచ్చని రాశారే, మోకాళ్ల నొప్పులున్నవాళ్ల సంగతి ఎవరైనా ఆలోచించారా? బొటానికల్ గార్డెన్స్‌కు పై గేటు నుంచి వెళ్లి కిందికి దిగడం సులువు, కింద నుంచి ఎక్కితే ఆయాసం. చలికాలంలో గేట్లు తొందరగా వేసేస్తారు, మధ్యాహ్నం రెండింటికి బయల్దేరితే ఏమీ చూడలేరు. వాన పడితే సిటీ మధ్యలో వింటర్ గార్డెన్ ఉంది, పెద్ద పెద్ద చెక్క కమానులు, అద్దాల కప్పు, లోపల రెండు వేలకు పైగా మొక్కలు, టికెట్ లేదు. పక్కనే పీస్ గార్డెన్స్ ఫౌంటెన్లలో ఎండాకాలం పిల్లలు తడుస్తుంటారు, మనవళ్లతో వెళ్లేవాళ్లు ఒక జత బట్టలు సంచిలో పెట్టుకోవాలి. ఇవి ఒక్కరోజు ఆ ఊళ్లో ఉన్నా తెలిసేవి. మీ పేపరు మా నాన్నగారి కాలం నుంచి మా ఇంటికి వస్తోంది, అప్పట్లో యాత్రా వ్యాసం రాసేవారు ముందు ఆ ఊరికి వెళ్లి వచ్చేవారు.

వచ్చే ఆదివారం సవరణ వేయండి. అందులో గ్రేవ్స్ పేరు, రస్ట్లింగ్స్ రోడ్ పేరు రెండూ ఉండాలి. మా అపార్ట్‌మెంట్ ఆవిడకు ఆ పేజీ కూడా కత్తిరించి ఇస్తాను.

– ఓ రిటైర్డ్ టీచరు, తూర్పు గోదావరి జిల్లా