జామాయిల్ తోటకూ నల్లమలకూ ఒకే పద్దా?

సంపాదకుల వారికి నమస్కారములు.

మన రాష్ట్రంలో అడవి పెరిగిందని ఉపగ్రహ చిత్రాలు తేల్చినట్టు మీ పత్రికలో వచ్చిన వార్త చదివి పది రోజులైనా మనసు కుదుటపడక ఈ ఉత్తరం రాస్తున్నాను.

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి సుమారు రెండేళ్లకొకసారి ఈ లెక్క ప్రకటిస్తోంది. కనీసం ఒక హెక్టారు నేలలో నూటికి పది పాళ్లకు మించి చెట్ల కొమ్మలు కప్పి ఉంటే, ఆ భూమి ఎవరిదైనా, ఆ చెట్టు ఏదైనా, అది అటవీ విస్తీర్ణం కిందికే వస్తుంది. మామిడి తోటలు, జామాయిల్, సుబాబుల్ అన్నీ అందులోవే. ఈ నిర్వచనాన్ని ఆ సంస్థ దాచలేదు, నివేదికలోనే అచ్చువేసింది. వేదికలెక్కి ప్రకటనలు చేసే పెద్దలే ఆ ఒక్క వాక్యాన్ని ప్రతిసారీ వదిలేస్తున్నారు. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు 647, తెలంగాణకు 632 చదరపు కిలోమీటర్లు పెరిగాయన్నప్పుడూ జరిగింది ఇదే.

మాది ప్రకాశం జిల్లా. మా చెరువు అవతలి జామాయిల్ తోటను నాలుగేళ్లకొకసారి నరికి టన్నుల లెక్కన కాగితం మిల్లుకు తోలతారు. రెండు వానలు పడగానే మోళ్ల చుట్టూ గుత్తులుగా పిలకలు లేస్తాయి, ఏడాది తిరిగేసరికి మనిషి ఎత్తు దాటుతాయి. ఆ చెట్ల కింద గడ్డి సరిగా మొలవదు కనుక మేకల కాపరులు కూడా మందను అటు మళ్లించరు. మార్కాపురం దాటి నల్లమల ఎక్కితే ఏగిస, నల్లమద్ది, తునికి, చిరుమాను కలగలిసి పెరిగిన అడవి కనిపిస్తుంది. ఈ రెండింటినీ ఒకే పద్దులో రాస్తే, కొండ మీద అడవి పోయినంత మేర మెట్టన తోట పెరిగినప్పుడు మొత్తం అంకెలో నష్టమే కనబడదు.

లెక్క పాతబడటం మరో బాధ. 2022 జనవరిలో విడుదలైన ఆ 2021 నివేదికకు ఆధారం 2019 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీసిన చిత్రాలు. ఆకు రాలకముందు, మబ్బు లేనప్పుడు తీసినవి ఎంచుకోవడం సరైన పద్ధతే గానీ, రెండేళ్ల తర్వాత తెలిస్తే నరికిన చెట్టు తిరిగి వస్తుందా? ఆ చిత్రాల్లో ఒక్కో చుక్క 23.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న నేల. మన దేశపు రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోనే 5.8 మీటర్ల వరకు చూపే కెమెరా ఉంది. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో అయిదు రోజులకొకసారి ఉచితంగా దొరుకుతున్నాయి. ఉపగ్రహం అడవిలో మంటను పసిగడితే సిబ్బంది ఫోనుకు సందేశం పంపే ఏర్పాటు ఎన్నో ఏళ్లుగా నడుస్తుండగా, గొడ్డలి వేటుకు మాత్రం ఆ ఏర్పాటు ఎందుకు లేదో అధికారులు చెప్పాలి.

మా మండలంలోని అడవి పటం కావాలని ఒక కార్యాలయానికి వెళితే మూడు బల్లల చుట్టూ తిప్పి, చివరికి హద్దులు చెరిగిపోయిన జిరాక్సు కాగితం చేతిలో పెట్టారు. ప్రజల డబ్బుతో తీసిన చిత్రాలు ప్రజలకు చూపడానికి ఇంత సంకోచం దేనికి? చిత్రం ఒక్కటే చాలదనీ నాకు తెలుసు. ఏ జాతి చెట్టు, రొమ్ము ఎత్తున చుట్టుకొలత ఎంత అనేవి మనిషే టేపు పట్టుకుని చెట్టు దగ్గరికెళ్లి కొలిచి రాయవలసిందే. అందుకు బీటుల్లో, అంటే ఒక్కో గార్డు కాపలా కాసే అడవి భాగాల్లో, మనుషులుండాలి, వారు తెచ్చిన కొలతలు ఏటా చిత్రంతో సరిచూడాలి.

సహజ అడవికీ తోటలకూ వేర్వేరు అంకెలు ఇమ్మని అటవీ శాఖను కోరుతున్నాను. మీరు కూడా ఇకపై ఇటువంటి వార్త వేసేటప్పుడు, ఆ చిత్రాలు ఏ ఏడాది ఏ నెలలో తీసినవో కనుక్కొని అంకె పక్కనే అచ్చువేయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా