బావా, వైద్యం ఎక్కడో తేల్చుకున్నాను

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్‌లో నీ గొంతు వణికింది, అందుకే అన్నీ విడమరిచి రాస్తున్నాను. నాకు వచ్చింది ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్. దానికి చేసే రక్తపరీక్ష పీఎస్ఏ 8.4 వచ్చింది, ఎంఆర్ఐలో గడ్డ ప్రోస్టేట్ లోపలే ఉంది, ఎముకల స్కాన్‌లో ఏమీ లేదు.

బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజే మొదటి సర్జన్ వచ్చే వారం ఆపరేషన్ అన్నారు, అడ్వాన్స్ కట్టమన్నారు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక తీయించి పారేయాలనే అనిపిస్తుందిరా, నేనూ కట్టడానికే లేచాను. మా అమ్మాయే ఆపింది, ఒక్క నెల ఆగుదాం నాన్నా అని.

ఆ నెలలో చేసిన మంచి పని, బయాప్సీ స్లైడ్లు అడిగి తీసుకుని విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో మళ్లీ చూపించడం. మొదటి రిపోర్టులో గ్లీసన్ (జబ్బు ఎంత దూకుడుగా ఉందో చెప్పే స్కోరు) 4+3, వీళ్ల లెక్కలో 3+4. రెండూ ఏడే కదా అంటావేమో, కాదు, ఏ రకం కణాలు ఎక్కువున్నాయో ముందు అంకె చెబుతుంది, అది 3 అయితే జబ్బు కాస్త నెమ్మది. 4+3 అయితే రేడియేషన్‌తో పాటు ఆరు నెలలు హార్మోన్ ఇంజెక్షన్లు కూడా పడేవి, నాకు అవి అక్కర్లేదన్నారు.

సర్జన్‌నీ, రేడియేషన్ డాక్టరునీ ఇద్దరినీ కలిశాను. సర్జన్‌ని ఒకటే అడిగాను, మీ చేత్తో ఏడాదికి ఎన్ని చేస్తారు, చేయించుకున్నవాళ్లలో ఎందరికి ఏడాది తర్వాత కూడా మూత్రం కారి ప్యాడ్ కావాల్సి వస్తోంది అని. సూటిగా చెప్పలేదు, నాకు నమ్మకం కుదరలేదు. రేడియేషన్ ఆవిడ మాత్రం, మోషన్‌లో రక్తం పడొచ్చు, సంసార జీవితం దెబ్బతినొచ్చు అని నేను అడక్కముందే మా ఆవిడ ఎదుటే చెప్పారు. బ్రిటన్‌లో ఇలా ప్రోస్టేట్ దాటని జబ్బున్న 1,643 మందిలో కొందరికి సర్జరీ, కొందరికి రేడియేషన్, కొందరిని కేవలం గమనిస్తూ 15 ఏళ్లు చూశారట, 2023లో ఫలితాలొచ్చాయి, ఏ గుంపులోనైనా ఈ జబ్బుతో పోయినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే. ఆ మాట విన్న రాత్రి నిద్రపట్టింది.

నా గుండెలో స్టెంటు ఉంది కదా, మత్తుమందు రిస్కు ఎందుకని రేడియేషనే ఖాయం చేశాను. వారానికి ఐదు చొప్పున 20 సిట్టింగులు, ప్రతిసారీ ముందు నీళ్లు తాగి మూత్రం బిగబట్టుకుని పడుకోవాలి. గాజువాకలో అమ్మాయి ఇంట్లో ఉంటాను. మొదటి వారం అబ్బాయి వస్తున్నాడు, నువ్వు రెండో వారం రా. వచ్చే ముందు నీ పీఎస్ఏ కూడా చూపించుకో, మీ నాన్నకీ ఇదే జబ్బు కదా.