ఆదివారం ట్రాక్ డే: బండి సిద్ధం చేసుకోండి

అందరికీ నమస్కారం.
మన సొంత కార్లను రేస్ ట్రాక్ మీద నడిపే ట్రాక్ డే ఈ ఆదివారమే. ఉదయం 7 గంటలకు బండ్ల తనిఖీ, 8 గంటలకు బ్రీఫింగ్. బ్రీఫింగ్‌కి రానివాళ్లను ట్రాక్ మీదికి పంపం.

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారుతో మొదటిసారి వస్తున్నవాళ్లు ఎగ్జాస్ట్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ గురించి అడుగుతున్నారు. అవన్నీ తర్వాత. ముందు బ్రేకులు!

పాత ఓనర్ బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో మనకు తెలియదు. అందుకే శనివారంలోపు మార్పించేయండి. కొత్త డాట్ 4 (బ్రేక్ ఫ్లూయిడ్‌లో ఒక రకం) ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగిందంటే పెడల్ మెత్తబడి కిందికి పోతుంది, బండి ఆగదు. సిలికాన్ రకం డాట్ 5 మాత్రం దీంట్లో కలపొద్దు. ప్యాడ్లు సగానికి పైగా అరిగితే కొత్తవి వేయించండి.

టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. టైరు మీది గాడులు లోతుగానే ఉన్నా, రబ్బరు గట్టిపడితే పట్టు ఉండదు.

ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీది పై గీత దగ్గర ఉండాలి, దాటకూడదు. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానాతో) బిగించండి, సెషన్ల మధ్య మళ్లీ చూసుకోండి. ఫ్లోర్ మ్యాట్లు, డిక్కీలో సామాన్లు తీసేయండి. హెల్మెట్ తప్పనిసరి.

చివరి ల్యాప్ నెమ్మదిగా తిప్పండి. ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయొద్దు, వేడి మీద ప్యాడ్లు డిస్కుకు అతుక్కోవచ్చు. గేర్లో ఉంచి చక్రానికి అడ్డు పెట్టండి.

వచ్చేవాళ్లు కారు మోడల్, టైరు తేదీ శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి. బ్రేకుల మీద ఏ సందేహమున్నా అప్పుడే అడిగేయండి, కలిసి చూద్దాం.