మేత ఖర్చు సరే, మిగిలిన మేత సంగతేంటి?

సంపాదకుల వారికి,
రొయ్య ధర పడిపోతే పేజీలు నింపేస్తారు గానీ మేత గురించి నాలుగు ముక్కలు రాయరేమండీ? సాగు ఖర్చులో సగం పైగా దానిదే. మా భీమవరం వైపు చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసేందుకు చెరువులో దించే పళ్లెం) ఎత్తితే రెండు గంటలైనా గుళికలు నానిపోయి అలాగే ఉంటాయి, అయినా మర్నాడు అదే కొలత చల్లేస్తాం. తినని మేత అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది, పట్టుబడి రోజు ఆ నీళ్లన్నీ డ్రెయిన్‌లోకి, అక్కణ్ణుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి. మళ్లీ మేతలో కలిపే చేపపొడికి చిరుచేపల్ని పట్టేదీ ఆ సముద్రంలోనే! చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబా శాస్త్రవేత్తలు వనామీ రొయ్యలకి వనామీ ప్లస్ అని దేశీ మేత తయారుచేశారు, చేపల వ్యర్థాలతో, చెరువు నీళ్లలో రొయ్యలు తినే సూక్ష్మజీవుల్ని పెంచే ప్లాంక్టన్ ప్లస్ కూడా చేశారు. ఇవి ఎంతమంది రైతులకు తెలుసు? జిల్లా పేజీలో వారానికోసారి ఆ శాస్త్రవేత్తలతో రాయించండి, ధరల పట్టిక పక్కనే వేస్తే అందరూ చూస్తారు.
– ఒక రొయ్య రైతు, భీమవరం