ఆ తలపాగా ఫోటో గురించి

బుజ్జీ,

ఫ్యామిలీ గ్రూపులో నువ్వు పెట్టిన ఫోటో చూశాను. తలపాగా, గడ్డం, అమెరికా సైన్యం యూనిఫాం, కింద "మన హీరో" అని. మీ బాబాయి వెంటనే దండాలు పెట్టేశాడు. నేనేం అనలేదని అడిగావు కదా, గ్రూపులో రాస్తే గొడవని ఇక్కడ రాస్తున్నా.

ఆ ఫోటోలో ఉన్నాయన, మన దేశం నుంచి అమెరికా వెళ్ళిన భగత్ సింగ్ థింద్, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆ సైన్యంలో పనిచేశాడు, నిజమే. 1918లో పౌరసత్వం ఇచ్చి నాలుగు రోజుల్లోనే వెనక్కి లాక్కున్నారు. 1920లో ఒరెగాన్‌లో కోర్టు మళ్ళీ ఇస్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అప్పట్లో బయటి నుంచి వచ్చినవాళ్ళు పౌరులు కావాలంటే తెల్లవాళ్ళో, ఆఫ్రికా సంతతివాళ్ళో అయ్యుండాలి. 1922 నవంబర్‌లో ఒజావా అనే జపాన్ ఆయన కేసులో ఆ కోర్టే, ఒంటి రంగు లెక్కకాదు, తెల్లవాడంటే కాకసియన్ (మనుషుల్ని జాతులుగా విడదీసిన ఆనాటి పండితులు యూరప్ వాళ్ళున్న జాతికి పెట్టిన పేరు) అని చెప్పింది. సరే, ఆనాటి పండితుల పుస్తకాల ప్రకారం నేనూ కాకసియనే కదా అన్నాడు థింద్. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, ఒజావా తీర్పు రాసిన సదర్లాండ్ జడ్జే పండితుల మాట కాదు, మామూలు మనిషి ఎవర్ని తెల్లవాడంటాడో అదే లెక్క అని తేల్చేశాడు. వీధిలో పోయేవాడి కంటికి ఎలా కనిపిస్తే అదే చట్టమన్నమాట!

ఆ కన్ను ఊరికే అలా తయారు కాలేదు. పిలక జడల చైనావాళ్ళను భూతాల్లా గీసిన కార్టూన్లు, మనవాళ్ళు వస్తుంటే తలపాగాల ఉప్పెన అంటూ రాతలు, ఏళ్ళ తరబడి చూపించారు. 1893 కల్లా చైనా కూలీలు ఫోటో అంటించిన కాగితం దగ్గర పెట్టుకోవాలని చట్టం కూడా చేశారు. బానిసత్వం మీద పోరాడిన అమెరికా నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌కి ఈ బొమ్మల సంగతి ముందే బాగా తెలుసు. నల్లవాళ్ళను వెకిలిగా గీసేవాళ్ళకి జవాబుగా పనిగట్టుకుని ఫోటోలు దిగాడు, దాదాపు ఎక్కడా నవ్వకుండా. నూట అరవైకి పైగా దొరికాయి.

థింద్ తీర్పు తర్వాత అప్పటికే పౌరులైన మనవాళ్ళ పౌరసత్వాలు కూడా రద్దు చేస్తూ పోయారు. అలా పోగొట్టుకున్నవాళ్ళలో ఒకడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడ్డ వైష్ణోదాస్ బగాయ్, ఆ దెబ్బకి 1928లో ప్రాణం తీసుకున్నాడు. థింద్‌కి మాత్రం మాజీ సైనికుల చట్టం కింద 1936లో వచ్చింది. మిగతావాళ్ళకి 1946 దాకా దారి లేదు. మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1948లో పోయేదాకా అక్కడ పౌరుడు కానేలేదు.

ఇంతకీ నేను దండం పెట్టనిది ఎందుకంటే, అతని తరఫున కోర్టులో చెప్పిన వాదన. ఈయన సిక్కు. కాగితాల్లో అగ్రకుల హిందువు, స్వచ్ఛమైన ఆర్యుడు. పెళ్ళి సంబంధాల దగ్గర అమెరికా తెల్లవాడు నల్లవాళ్ళను ఎలా చూస్తాడో, మా అగ్రకులం వాళ్ళం ఇండియాలోని ఆదివాసుల్ని అలాగే చూస్తాం అని కూడా వాదించారు! గోడ తప్పని అనలేదు, నన్ను లోపలికి రానివ్వండి అన్నారంతే. ఉత్తరాది ఆర్యులకే తలుపు తీయమంటే నా రంగువాడు, నీ రంగుది ఏ పక్కన ఉంటారో నువ్వే చెప్పు. అన్యాయం జరిగింది, కాదనను, కానీ హీరో అనడానికి నాకు నోరు రావడం లేదు.

పిల్ల స్కూల్లో చెప్పేటప్పుడు ఈ ముక్క దాచొద్దు. తీర్పు చిన్నదే, నెట్‌లో ఉంది, అల్లుడుగారిని కూడా చదవమను.

నాన్న