మన సమితి వార్షిక నివేదిక, 2024–25: సేవలో ఉన్న మన పిల్లలు, వారి దినచర్య

గౌరవనీయులైన సమితి సభ్యులకు, మిషను సేవలో ఉన్న యువతీయువకుల తల్లిదండ్రులకు, సేవ ముగించుకొని వచ్చిన సహోదర సహోదరీలకు ప్రభువైన యేసు క్రీస్తు నామమున వందనాలు.

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘములో సభ్యులమైన హైదరాబాదు, విశాఖపట్నం, రాజమహేంద్రవరం కుటుంబాలం ఒకరికొకరం తోడుగా ఉండాలని ఈ సమితిని పెట్టుకున్నాం. ఇది సంఘ పరిపాలనలో భాగం కాదు. మిషనరీలను, అంటే ఇల్లు విడిచి సువార్త ప్రకటించే యువతీయువకులను, పిలవడం, పంపడం, వారి పనిని నడిపించడం సంఘ నాయకుల బాధ్యత. బయలుదేరే ముందు పిల్లలను సిద్ధం చేయడం, వారు లేనప్పుడు ఇంటివారికి ధైర్యం చెప్పడం, తిరిగివచ్చాక వారిని ఆదుకోవడం మన పని.

ఈ ఏడాది కార్యక్రమాలన్నిటికీ ఒకే ఆలోచన ఆధారమైంది. మిషను గురించి మాట్లాడినప్పుడల్లా మనం సాక్ష్యాలు, బాప్తిస్మాల గురించే ఎక్కువగా చెప్పుకుంటాం. కానీ తిరిగివచ్చిన పిల్లలను కూర్చోబెట్టి నిదానంగా అడిగితే, తమ విశ్వాసం బలపడినా, సన్నగిల్లినా అది పొద్దున లేవడం, వంట, బట్టలు, పక్కనున్న సహవాసితో, అంటే జంటగా పనిచేసే తోటి మిషనరీతో, సర్దుకుపోవడం దగ్గరే జరిగిందని వారు చెబుతున్నారు. అందుకే సిద్ధపాటు తరగతుల్లో ప్రసంగాలు తగ్గించి, దినచర్యకు పెద్దపీట వేశాం.

మిషను సేవకు అబ్బాయిలు 18 ఏళ్లు నిండాక 24 నెలలకు వెళతారు; అమ్మాయిలు 18 నెలలకు వెళతారు, వారికి 2025 నవంబరు వరకు 19 ఏళ్లు నిండాలన్న నియమం ఉండేది, ఇప్పుడు 18 నిండితే చాలు. ఉదయం 6:30కు లేవాలి, రాత్రి 10:30కు దీపాలార్పాలి. మధ్యలో వ్యాయామం, ప్రార్థన, ఒంటరిగా లేఖన పఠనం, సహవాసితో కలిసి అధ్యయనం, ఆ తరువాత రోజంతా బయట పని. ఇంట్లో అమ్మ లేపితే లేచి, వడ్డిస్తే తిని, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కునే కుర్రవాడికి ఈ మార్పు చిన్నది కాదు. కాబట్టి అన్నం వార్చడం, పప్పు తాలింపు, తెల్ల చొక్కా కాలరు మురికి వదలగొట్టడం, నెల ఖర్చు రాసుకోవడం వంటివి పెద్దలు దగ్గరుండి నేర్పారు. సిద్ధపాటు దినాన, అంటే మన పిల్లలు పీ-డే అనే రోజున, ఉతకడం, సంతకు వెళ్లడం, ఇంటికి ఉత్తరం రాయడం అన్నీ సాయంత్రంలోగా అయిపోవాలి. పని చేతికి అలవాటైతే ఆ రోజు మనసుకు కొంత విశ్రాంతి కూడా దొరుకుతుంది.

ఒక తరగతి మొత్తాన్ని టీ విషయానికే కేటాయించాం. 1833లో మన సంఘ స్థాపకుడైన ప్రవక్త జోసెఫ్ స్మిత్‌కు ఇవ్వబడిన జ్ఞాన వాక్యము, అంటే తినే తాగే వాటి గురించిన ఆజ్ఞ, ప్రకారం మనం టీ, కాఫీ పుచ్చుకోము. మన వైపు ఇంటికి వచ్చినవారికి చేసే మొదటి మర్యాద టీయే. ఆ రోజు మన పెద్దమ్మ ఒకరు ఇంటావిడగా నటించారు. ఓ అబ్బాయి తల దించుకొని “మేము టీ తాగమండీ” అనగానే, “మా ఇంటి టీ పనికిరాదా బాబూ?” అని ఆమె అడిగేసరికి అతనికి మాట రాలేదు. తరువాత వచ్చిన అమ్మాయి ముందుగానే “ఎండన పడి వచ్చామమ్మా, కాసిని మంచినీళ్లు ఇప్పించండి” అని చనువుగా అడిగి, నీళ్లు తాగాక తాము టీ ఎందుకు మానేశామో నెమ్మదిగా చెప్పింది. నియమాన్ని తప్పకుండా, ఎదుటివారి మనసును నొప్పించకుండా నడుచుకోవడం ఇలాంటి అభ్యాసంతోనే వస్తుందని నా నమ్మకం.

సహవాసి విషయంలోనూ పిల్లలు మనసు విప్పి మాట్లాడారు. మిషనరీలు ఎప్పుడూ ఇద్దరిద్దరుగా, ఒకరికొకరు కనబడేంత, వినబడేంత దూరంలోనే ఉండాలి. సహవాసిని ఎంచుకునే వీలుండదు. గోదావరి జిల్లా పిల్లవాడికి తమిళుడో, ఈశాన్య రాష్ట్రాలవాడో తోడైతే భాష, తిండి, నిద్ర అన్నీ కొత్తే. ఆవకాయ ఘాటు పక్కవాడికి పడకపోవడం, అతను వండినది మనవాడికి గొంతు దిగకపోవడం మొదటి వారంలోనే మొదలవుతుంది. మాట్లాడుకోకుండా గడిపిన రోజున సువార్త చెప్పబోతే నోరు పెగలలేదని తిరిగివచ్చిన సహోదరుడొకరు చెప్పారు. రాత్రి ప్రార్థనకు ముందు ఆ రోజు మనస్పర్థను అక్కడికక్కడే తీర్చుకోవాలని ఆయన ఇచ్చిన సలహాను సభలోని తల్లిదండ్రులు కూడా రాసుకున్నారు.

తల్లిదండ్రుల సమావేశాలు క్రమంగా జరిగాయి. 2019 ఫిబ్రవరి వరకు మిషనరీలు ఇంటికి ఫోను చేయగలిగింది క్రిస్మస్‌కు, మాతృ దినోత్సవానికి మాత్రమే. ఇప్పుడు వారానికోసారి మాట్లాడవచ్చు. ఇది గొప్ప ఊరట. అయితే ఇంటి అప్పులు, గొడవలు, బంధువుల సూటిపోటి మాటలు అన్నీ ఆ ఒక్క ఫోనులో గుమ్మరిస్తే పిల్లల మనసు వారం పొడవునా ఇంటి మీదే ఉంటుంది. నిజం దాచమని మేము చెప్పడం లేదు; మన భారాన్ని ముందు సమితిలోని తోటి తల్లిదండ్రులతో పంచుకోమని కోరుతున్నాం.

ఒక సాయంత్రం మన చరిత్రను తలచుకున్నాం. సమోవాలో ఉండగా సంఘములో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో మిషనరీలుగా హైదరాబాదుకు వచ్చారు. వారి బంధువుల్లో 22 మంది బాప్తిస్మం పొందారు. ఎల్సీ గారి తండ్రి, బాప్టిస్టు పాదిరి శ్రీనివాసం గారు బైబిలుతో పాటు మన లేఖనమైన మోర్మన్ గ్రంథములోని భాగాలను తెలుగులోకి తెచ్చారు. 2012లో దేశంలోనే మొదటి స్టేకు, అంటే అనేక స్థానిక సంఘాలు కలిసిన విభాగం, హైదరాబాదులో ఏర్పడింది. ధర్మరాజు దంపతులు యువకులు కారు, నేటి నియమాల ప్రకారం వచ్చినవారూ కారు. అయినా తెలుగు నేల మీద ఈ పని చుట్టాల మధ్యనే మొదలైందన్న సంగతి మన పిల్లలు తెలుసుకోవాలి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. అనారోగ్యం వల్లనో, తీరని ఆందోళన వల్లనో, ఇంట్లో వచ్చిన ఆపద వల్లనో గడువుకు ముందే తిరిగివచ్చే పిల్లలుంటారు. పూర్తికాలం సేవించినవారికి పూలదండలు, సభలో సాక్ష్యం, విందు దొరుకుతాయి. ముందుగా వచ్చిన బిడ్డ చీకటిపడ్డాక బస్సు దిగి, ఆదివారం వెనుక వరుసలో కూర్చుని, “ఏమైంది?” అనే ప్రశ్నకు భయపడి కొన్నాళ్లకు రావడమే మానేస్తే, ఆ తప్పు మనందరిదీ. ఆరు నెలలైనా తెల్లవారి లేచి ప్రార్థించి, ఎండలో నడిచి, తోటివాని జ్వరానికి గంజి కాచి ఇచ్చిన సేవను ప్రభువు లెక్కలోకి తీసుకోడని చెప్పే అధికారం మనలో ఎవరికీ లేదు. ఈ ఏడాది నుంచి తిరిగివచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే విధమైన స్వాగతం పలుకుతున్నాం. ఎన్ని నెలలన్నది ప్రస్తావించడం లేదు. అవసరమైనవారి వెంట వైద్యుల దగ్గరకు వెళ్లడానికి ఇద్దరు సభ్యులు ముందుకొచ్చారు.

చదువు మధ్యలో ఆపి వెళ్లినవారికి కళాశాలలో మళ్లీ చేరే దరఖాస్తుల విషయంలో, ఉద్యోగాల ఇంటర్వ్యూలలో ఆ రెండేళ్ల గురించి ఎలా చెప్పుకోవాలన్న విషయంలో సహాయం అందించాం. తనిఖీ అయిన జమాఖర్చుల పత్రం సర్వసభ్య సమావేశంలో విడిగా సమర్పిస్తాము.

సమితి నియమావళిలో సహాయ నిధిని “సేవాకాలం పూర్తిచేసినవారికి” అని పరిమితం చేసిన వాక్యాన్ని “సేవకు వెళ్లివచ్చిన వారందరికీ” అని మార్చాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశంలో దీనిపై ఓటింగు ఉంటుంది. సవరణలు సూచించదలచినవారు సమావేశానికి ముందే కార్యదర్శికి రాతపూర్వకంగా అందజేయగలరని మనవి.