జీరో టికెట్ బిల్లు ఏ లెక్కన కట్టాలి?

సంపాదకులకు,

వృద్ధులకూ దివ్యాంగులకూ బస్సు ప్రయాణం ఉచితం చేస్తే ఆర్టీసీ తట్టుకోలేదనే మాట తరచూ వింటున్నాం. ఎంతమంది ఎక్కుతారన్నది ఇందులో చిన్న విషయం. ప్రభుత్వం ఆర్టీసీకి ఏ లెక్కన కడుతుంది, ఏ తేదీకి కడుతుంది అన్నవే అసలు విషయాలు.

ముందు అదనపు భారం చూద్దాం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి నడుస్తున్నాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఏ వయసు మహిళకైనా ఛార్జీ లేని జీరో టికెట్టే. అంటే వృద్ధ మహిళల, దివ్యాంగ మహిళల ఖర్చు ఇప్పటికే ఖజానా లెక్కలో ఉంది. కొత్తగా చేరేది పురుషులు మాత్రమే. వాళ్లలోనూ అరవై దాటినవారికి ఏపీఎస్‌ఆర్టీసీ 25 శాతం రాయితీ ఇస్తోంది. దివ్యాంగులకు విడిగా రాయితీ పాసులున్నాయి. మిగిలిన తేడాకే డబ్బు వెతకాలి. మొత్తం వృద్ధుల జనాభాను సగటు ఛార్జీతో గుణించి భయపెట్టే అంకెలు అందుకే తప్పు.

ఇక చెల్లింపు. ఇంగ్లండ్‌లో వృద్ధులకూ దివ్యాంగులకూ 2008 ఏప్రిల్ నుంచి దేశమంతటా లోకల్ బస్సులు ఉచితం. అక్కడ ప్రతి ఉచిత ప్రయాణానికీ పూర్తి ఛార్జీ కట్టరు. పథకం వల్ల బస్సు సంస్థకు లాభమూ రాకూడదు, నష్టమూ రాకూడదన్నది నియమం. ఉదాహరణకు 40 రూపాయల ఛార్జీ ఉన్న దారిలో వంద జీరో టికెట్లు తెగాయనుకుందాం. అందులో 60 మంది డబ్బులిచ్చైనా వెళ్లేవాళ్లు, 40 మంది ఉచితం కాబట్టే బయల్దేరినవాళ్లు. సంస్థ నిజంగా పోగొట్టుకున్నది 60 టికెట్ల ఆదాయం, 2,400 రూపాయలు. మిగతా 40 మంది వల్ల అయ్యే ఖర్చు అంటే కొంచెం అదనపు డీజిలు, అవసరమైతే అదనపు ట్రిప్పు. టికెట్ విలువ మొత్తానికి బిల్లు వేస్తే 4,000 అవుతుంది. ఉదయం పదకొండింటికి ఖాళీ సీట్లో కూర్చున్న పెద్దాయన వల్ల సంస్థకు అయ్యే ఖర్చు దాదాపు శూన్యం. అదే ఉదయం ఎనిమిదిన్నరకు కిక్కిరిసిన రూటులో ఇంకో బస్సు వేయాల్సి వస్తే బస్సు, డ్రైవరు, కండక్టరు అన్నీ ఖర్చే. ఈ తేడాను పట్టే లెక్క మన దగ్గరా రావాలి.

అలాగని ఇంగ్లండ్ పద్ధతిని మొత్తంగా తెచ్చుకోకూడదు. అక్కడ పనిదినాల్లో ఉదయం 9.30 తర్వాతే పాసు చెల్లాలన్నది జాతీయ నిబంధన. మన పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ చీటీ ఉదయమే రాయించుకోవాలి. తొమ్మిదిన్నరకు ఊళ్లో బస్సెక్కినవాళ్లకు ఆ రోజు డాక్టరు దొరకడు. రోజుకు రెండే ట్రిప్పులున్న పల్లెవెలుగు రూటులో సమయం నిబంధన పెడితే పథకం లేనట్టే. పెట్టక తప్పదంటే నగర సర్వీసులకే పెట్టాలి, దివ్యాంగులకు అక్కడా వద్దు.

డబ్బు చాలకపోతే పరిమితులకు మన దేశంలోనే నమూనాలున్నాయి. మహారాష్ట్రలో 2022 ఆగస్టు నుంచి ఆ రాష్ట్ర ఆర్టీసీ బస్సుల్లో 75 దాటినవారికి పూర్తి ఉచితం, 65 నుంచి 75 లోపువారికి సగం ఛార్జీ. చెన్నైలో అరవై దాటినవారికి నెలకు పది ఉచిత ప్రయాణ టోకెన్లు. నాకు వయసు పద్ధతే సరైనదనిపిస్తుంది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే రోగికి రాకపోకలు కలిపి నెలకు పాతిక ప్రయాణాలవుతాయి. టోకెన్లు రెండు వారాలు కూడా రావు.

చెల్లింపు తేదీ ఇంకా ముఖ్యం. ప్రభుత్వ బకాయి పెరిగితే డిపో మేనేజరుకు మిగిలే దారి చేతికి డబ్బు తేని ట్రిప్పు తీసేయడం. జేబులో ఉచిత పాసు ఉన్నా ఊరికి బస్సు రాదు. రైల్వే అనుభవం కూడా చూశాం. 60 దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన మహిళలకు 50 శాతం ఉన్న రాయితీ 2020 మార్చి 20న ఆగింది. కరోనా పోయినా తిరిగి రాలేదు. నడిపే సంస్థే భారం మోసే రాయితీ అలా ఒక్క ఉత్తర్వుతో పోతుంది. అందుకే దీనికి బడ్జెట్లో విడిగా పద్దు ఉండాలి, ప్రతి నెలా పదో తేదీలోపు జమ కావాలి.

బస్సు ఎక్కగలిగితేనే ఉచితం అక్కరకొస్తుంది. లో ఫ్లోర్ బస్సులో ఫ్లోరు ఎత్తు 400 మిల్లీమీటర్లు, సెమీ లో ఫ్లోర్‌లో 650, మామూలు బస్సులో 900, ఆపైన. డ్రైవరు ఫుట్‌పాత్‌కు ఆనించకుండా రోడ్డు మధ్యలో ఆపితే ఫుట్‌పాత్ ఎత్తు కూడా కలిసిరాదు, మోకాళ్ల నొప్పులున్నవారు ఆ మొదటి మెట్టు ఎక్కలేరు. కొత్త సిటీ బస్సుల కొనుగోలులో లో ఫ్లోరు, చక్రాల కుర్చీకి ర్యాంపు తప్పనిసరి చేయాలి. బస్టాపుల్లో ఆనించి ఆపేలా డ్రైవర్లకు ఆదేశాలివ్వాలి.

ఇవన్నీ తేలాలంటే ముందు లెక్క విడిగా రావాలి. కండక్టరు టికెట్ కొట్టే టిమ్ మిషన్‌లో వృద్ధులకు ఒక మీట, దివ్యాంగులకు ఒక మీట పెట్టాలి. వైకల్యానికి సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు, వయసుకు ఆధార్ చూసి టికెట్ కొట్టాలి. ఆర్నెల్లు రెండు జిల్లాల్లో ఇలా నడిపి, రూటువారీగా, గంటలవారీగా ఎన్ని టికెట్లు తెగాయో ప్రజల ముందు పెట్టమని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విజయవాడ